దోమలు మోసే వైరస్‌లు: జన్యుక్రమం ఏమి చెబుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

జికా వైరస్ తమ గడ్డపై తిరుగుతోందని బ్రెజిల్ నిర్ధారించుకున్నది 2015 మే నెలలో. అప్పటికి అది అక్కడ స్థిరపడి ఏడాది దాటింది. ఏ ఆసుపత్రి రికార్డులోనూ నమోదు కాని ఆ కాలపు ఆనవాళ్లు, తర్వాత రోగుల రక్తం నుంచి తీసిన వైరస్ జన్యుక్రమాలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు గానీ బయటపడలేదు. 2014 జూన్, జులై నెలల్లో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు తరలివచ్చిన జనంతోనే జికా వచ్చి ఉంటుందని అంతకుముందు గట్టి ప్రచారం ఉండేది. జన్యుక్రమాల ముందు ఆ ఊహ నిలబడలేదు. 2014 ఫిబ్రవరి నాటికే వైరస్ ఈశాన్య బ్రెజిల్‌లో ఉందని, అమెరికా ఖండాల్లోని ఇతర ప్రాంతాలకు అక్కడి నుంచే పాకిందని తేలింది. తల్లి గర్భంలోనే జికా సోకి చిన్న తలలతో పుడుతున్న శిశువులను చూసి 2015 చివర్లో ఆ దేశం ఉలిక్కిపడింది. ఎవరికీ తెలియకుండా గడిచిపోయిన ఆ నెలల్లో ఎందరు గర్భిణులను జికా మోసే దోమ కుట్టి ఉంటుందో ఆలోచిస్తే, వైరస్ జన్యువును చదవడం ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఆలస్యాన్ని వైద్యుల నిర్లక్ష్యం అనలేం. జికా సోకిన ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురికి లక్షణాలే కనిపించవు. మిగిలినవారికి వచ్చే జ్వరం, దద్దుర్లు, కీళ్లనొప్పులు డెంగీలోనూ చికున్‌గున్యాలోనూ ఉండేవే. రక్తంలో యాంటీబాడీలను వెతికే పరీక్షతోనూ చిక్కే. డెంగీ, జికా, ఎల్లో ఫీవర్, వెస్ట్ నైల్ ఒకే కుటుంబానికి చెందిన వైరస్‌లు కావడంతో ఒకదానిపై పుట్టిన యాంటీబాడీ ఇంకొకదాన్నీ గుర్తుపట్టేస్తుంది. వైరస్ జన్యు పదార్థాన్నే వెతికే పీసీఆర్ పరీక్ష ఏ వైరసో కచ్చితంగా చెబుతుంది గానీ, అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎన్నాళ్లుగా తిరుగుతోందో చెప్పలేదు. కేసులు పెరిగితే జబ్బు పెరిగిందని తెలుస్తుంది, అంతే. పాత వైరసే మళ్లీ చెలరేగిందా, బయటి నుంచి కొత్తది దిగిందా అన్నది ఆ అంకెల్లో ఉండదు. మొదటిదైతే స్థానికంగా దోమల అదుపులో ఎక్కడో లోపముంది. రెండోదైతే జనంలో దానిని తట్టుకునే రోగనిరోధక శక్తి లేకపోవచ్చు, ఆసుపత్రులు ముందుగానే సిద్ధం కావాలి.

ఈ ప్రశ్నకు జవాబు వైరస్ చేసే తప్పుల్లో దొరుకుతుంది. డెంగీ వైరస్ జన్యువు ఒక ఆర్ఎన్ఏ పోగు. ఎ, సి, జి, యు అనే నాలుగు రసాయన అక్షరాలతో రాసిన సుమారు 10,700 అక్షరాల పాఠం అది. జికా పాఠం దాదాపు 10,800 అక్షరాలు, చికున్‌గున్యాది దాదాపు 11,800. మనిషి కణంలోనో దోమ కణంలోనో చేరాక వైరస్ తన పాఠానికి లెక్కలేనన్ని నకళ్లు తీస్తుంది. ఆ పని చేసే ఎంజైము రాసిందాన్ని సరిచూసుకోదు. అందువల్ల అక్కడక్కడ ఒక అక్షరం మారిపోతుంది. ఆ మార్పు వైరస్ ప్రాణం మీదికి తేకపోతే, దాని సంతతి అంతటిలోనూ నిలిచిపోతుంది. పాత తాళపత్ర గ్రంథాలను పరిష్కరించేవారు ఏయే ప్రతుల్లో ఒకే లేఖక దోషం ఉందో చూసి, అవన్నీ ఒకే మాతృక నుంచి పుట్టాయని తేలుస్తారు కదా. ఇక్కడా అదే పద్ధతి. ఒకే మార్పును పంచుకున్న వైరస్‌లను ఒకే కొమ్మ మీద చేర్చి వంశవృక్షం గీస్తారు.

వైరస్‌ల విషయంలో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. ఈ మార్పులు దాదాపు నిలకడైన వేగంతో పోగవుతాయి. డెంగీలో ఏడాదికి సుమారు ఎనిమిది, జికాలో సుమారు పన్నెండు. ఒకే రోజున రెండు ఊళ్లలో సేకరించిన రెండు జికా వైరస్‌ల మధ్య 24 అక్షరాల తేడా ఉందనుకుందాం. ఒక్కో శాఖ పన్నెండేసి మార్పులు చేర్చుకుంది కాబట్టి వాటి ఉమ్మడి పూర్వజం సుమారు ఏడాది కిందటిది. శాస్త్రవేత్తలు దీన్ని మాలిక్యులర్ క్లాక్ అంటారు. నిజమైన లెక్కలో రెండు కాదు, పదులూ వందలూ జన్యుక్రమాలు ఉంటాయి. ప్రతిదానికీ నమూనా తీసిన తేదీ జతచేసి ఉంటుంది. వచ్చే జవాబు ఒక తేదీగా రాదు, ఫలానా నెల నుంచి ఫలానా నెల మధ్య అనే వ్యవధిగా వస్తుంది. ప్రపంచకప్ ఊహను తోసిపుచ్చింది అలాంటి లెక్కే.

నమూనా చేతికందడం దగ్గరే సగం కష్టం ఉంది. దోమ కుట్టి జ్వరం మొదలయ్యాక తొలి ఐదారు రోజులే రక్తంలో చదవడానికి సరిపడా వైరస్ ఉంటుంది. వారం తర్వాత ఆసుపత్రికి వచ్చిన రోగిలో యాంటీబాడీలు దండిగా ఉంటాయి, వైరస్ మాత్రం ఉండదు. ఆర్ఎన్ఏ పెళుసైన పదార్థం. శీతల పెట్టెలో పెట్టకుండా ఒకచోట నుంచి ఇంకోచోటికి పంపితే దారిలోనే ముక్కలైపోతుంది. ఆ దశ దాటి ప్రయోగశాలకు చేరిన ఆర్ఎన్ఏను ముందు డీఎన్ఏగా మారుస్తారు. తర్వాత దాదాపు 400 అక్షరాల చొప్పున, ఒకదాని అంచు ఇంకొకదాని మీదికి వచ్చేలా ముక్కలుగా తీసి, ఒక్కో ముక్కను పీసీఆర్‌తో కోట్ల నకళ్లుగా పెంచుతారు. జికా కోసం రూపొందించి 2017లో ప్రచురించిన ఈ పద్ధతే తర్వాత కరోనా వైరస్‌కూ విస్తృతంగా ఉపయోగపడింది. చివరి దశలో ఆ ముక్కలను సీక్వెన్సింగ్ యంత్రం చదువుతుంది. మినయాన్ అనే యంత్రం అరచేతిలో ఇమిడిపోతుంది, బరువు వంద గ్రాముల లోపే. అందులోని అతిసూక్ష్మ రంధ్రం గుండా డీఎన్ఏ పోగు సాగుతున్నప్పుడు విద్యుత్ ప్రవాహంలో వచ్చే హెచ్చుతగ్గులను బట్టి కంప్యూటర్ అక్షరాలను పోల్చుకుంటుంది. ఒక్కసారి చదివితే పొరపాట్లు దొర్లుతాయి. అందుకే ప్రతి స్థానాన్నీ పదుల సార్లు చదివి, ఎక్కువసార్లు కనిపించిన అక్షరాన్నే ఖాయం చేస్తారు.

2016లో జిబ్రా అనే ప్రాజెక్టు పరిశోధకులు ఇలాంటి సామగ్రినే ఒక మినీబస్సులో సర్దుకుని, ఈశాన్య బ్రెజిల్‌లోని ప్రజారోగ్య ప్రయోగశాలలను వరుసగా చుట్టివచ్చారు. వెయ్యికి పైగా నమూనాలను పరీక్షించారు. వైరస్ దొరికినవాటిలోనూ చాలామటుకు అది అతి పలచగా ఉంది. ఆ పరిశోధన చివరికి వెలువరించిన జన్యుక్రమాలు 54, వాటిలో కొన్ని అసంపూర్ణమైనవి. ఓ ఖండాన్ని కుదిపేసిన మహమ్మారికి ఆ సంఖ్య చాలా చిన్నదిగా అనిపించవచ్చు. కానీ 2014 ఫిబ్రవరి అన్న జవాబు ఆ కొద్దిపాటి నమూనాల నుంచే వచ్చింది.

కాలాన్ని చెప్పడం ఒక ఎత్తు, వైరస్ స్వభావం మారిందని చెప్పడం మరో ఎత్తు. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి కథ ఇందుకు ఉదాహరణ. 2005లో అక్కడికి చికున్‌గున్యా వచ్చింది. దానిని మోయడంలో పేరుమోసిన ఏడిస్ ఈజిప్టై దోమ ఆ దీవిలో అరుదు. ఉన్నదల్లా దాని బంధువైన ఏడిస్ ఆల్బోపిక్టస్, ఒంటిపై తెల్లచారలుండే టైగర్ దోమ. తొలి నెలల్లో కేసులు మామూలుగానే నడిచి, చలికాలంలో తగ్గాయి. ఆ తర్వాత ఒక్కసారిగా కట్టలు తెంచుకున్నాయి. 2006 మధ్యకల్లా దీవి జనాభాలో మూడో వంతు మంది జబ్బుపడ్డారు. తొలినాటి వైరస్‌లను, తర్వాతివాటిని పక్కపక్కన పెట్టి చదివితే ఒక తేడా కనబడింది. వైరస్ పైపొరలో ఉండే ఇ1 అనే ప్రొటీన్‌లో 226వ స్థానంలో అలనీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ అనే మరొకటి వచ్చి కూర్చుంది. జన్యువులో చూస్తే అది ఒకే ఒక్క అక్షరం, సి బదులు యు. ప్రయోగశాలలో ఆ ఒక్క అక్షరాన్నే మార్చి దోమలకు పట్టించి చూశారు. మారిన వైరస్ టైగర్ దోమలో ఎంతో తేలికగా పాదుకుంది. ఏడిస్ ఈజిప్టైలో మాత్రం ఆ మార్పు వల్ల ఒరిగిందేమీ లేదు.

అదే మార్పు 2007లో కేరళలోని వైరస్‌లో కనిపించింది. టైగర్ దోమ అక్కడా విస్తారంగా ఉంది. అదే ఏడాది భారత్ నుంచి వెళ్లిన ఒక ప్రయాణికుడి ద్వారా ఇటలీలోని ఎమీలియా-రొమాన్యా ప్రాంతంలో చికున్‌గున్యా వ్యాపించి, సుమారు 200 మందికి సోకింది. అక్కడి వైరస్‌లోనూ ఆ వాలీన్ ఉంది. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఇదొక చోట పుట్టి అంతటా పాకిన మార్పు కాకపోవడం. వంశవృక్షంలో వేర్వేరు కొమ్మల మీద, టైగర్ దోమ ఉన్న పలు చోట్ల, విడివిడిగా మళ్లీ మళ్లీ పుట్టింది. అలాగని ప్రతి చికున్‌గున్యా వైరస్‌కూ ఈ దారి తెరిచి లేదు. 2013 చివర్లో కరీబియన్ దీవుల్లో అడుగుపెట్టిన ఆసియా శాఖ వైరస్‌లో అదే ప్రొటీన్‌లో 98వ స్థానంలో ఉన్న మరో తేడా వల్ల 226వ స్థానపు మార్పు అంతగా ఫలించదు. కాబట్టి చికున్‌గున్యా వచ్చిందన్న కబురు ఒక్కటే చాలదు. ఏ శాఖ వచ్చింది, ఆ ఊళ్లో ఏ దోమ ఉంది అన్న రెండు సంగతులూ కలిస్తేనే ముప్పు ఎంతో అంచనాకు అందుతుంది.

డెంగీ దగ్గర ఈ మాట ఇంకా పదునెక్కుతుంది. అందులో నాలుగు సీరోటైపులు, అంటే యాంటీబాడీలు వేర్వేరుగా గుర్తించే నాలుగు రకాలు, ఉన్నాయి. ఒకసారి ఒక సీరోటైపు సోకిన మనిషికి రెండోసారి ఇంకొకటి సోకితే తీవ్ర డెంగీ ముప్పు పెరుగుతుంది. పెరూలోని ఇకీటోస్ నగరంలో 1990లో మొదటి సీరోటైపు చెలరేగింది, 1995లో రెండోది వచ్చింది. రెండోసారి సోకినవారు వేలల్లో ఉన్నారు. తీవ్ర రక్తస్రావ కేసులు వెల్లువెత్తుతాయని అనుకుంటే, పరిశోధకులకు అలాంటిది ఒక్కటీ కనిపించలేదు. అక్కడికి వచ్చిన రెండో సీరోటైపు వైరస్ అమెరికన్ జీనోటైప్ అనే ఉపశాఖకు చెందినది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఉపశాఖతో పోలిస్తే దాని వల్ల తీవ్ర వ్యాధి చాలా తక్కువ. శ్రీలంకలో దీనికి సరిగ్గా విరుద్ధంగా జరిగింది. 1989కి ముందు కూడా అక్కడ నాలుగు సీరోటైపులూ తిరుగుతూనే ఉన్నా తీవ్ర డెంగీ అరుదు. 1989 నుంచి అది ఏటా కనిపించసాగింది. మూడో సీరోటైపులోనే పాత శాఖ పోయి కొత్త శాఖ రావడం దానితో ముడిపడి ఉందని జన్యుక్రమాలు చూపాయి. రెండుచోట్లా సీరోటైపు పరీక్షతోనే ఆగిపోయి ఉంటే ఈ తేడా దొరికేదే కాదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు కోటీ నలభై లక్షలకు పైగా డెంగీ కేసులు నివేదించారు. వాటిలో జన్యుక్రమం చదివినవి బహు స్వల్పం.

ఒక్కోసారి జన్యుక్రమం భయాన్ని కూడా తగ్గిస్తుంది. 2016 చివర్లో బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్‌లో ఎల్లో ఫీవర్ తలెత్తింది. ఆ దేశంలో 1942 తర్వాత నగరాల్లో మనిషి, ఏడిస్ ఈజిప్టై, మళ్లీ మనిషి అనే వలయంలో ఆ వ్యాధి వ్యాపించిన దాఖలా లేదు. ఆ వలయం మళ్లీ మొదలైందేమోనని అందరూ వణికారు. అదే జరిగి ఉంటే మనుషుల వైరస్‌లన్నీ వంశవృక్షంలో విడిగా ఒక కొమ్మగా గుమిగూడాలి. అలా లేదు. మనుషుల నుంచి తీసినవీ, చనిపోయిన కోతుల నుంచి తీసినవీ కలగలిసి ఉన్నాయి. అంటే వైరస్ అడవిలో కోతుల మధ్యే తిరుగుతూ, అడవి అంచులకు వెళ్లిన మనుషులకు విడివిడిగా సోకుతోంది. జబ్బుపడినవారిలో పనిచేసే వయసు మగవారే ఎక్కువగా ఉండటంతోనూ ఇది సరిపోయింది. టీకా ముందుగా ఎవరికి, ఎక్కడ వేయాలో తేల్చుకోవడానికి ఇలాంటి ఆధారం కావాలి. ఆ రోజుల్లో జబ్బు కోతుల వల్లే వస్తోందని భయపడి జనం వాటిని చంపారు. నిజానికి ముందుగా చచ్చిపడి వైరస్ రాకను మనకు తెలియజేసేవి ఆ కోతులే. వాటిని చంపుకోవడం ఎంత పొరపాటో చెప్పనలవి కాదు.

1999లో న్యూయార్క్‌లో మొదట సెయింట్ లూయిస్ మెదడువాపు అనే మరో వైరస్ వ్యాధిగా పొరబడిన జబ్బు నిజానికి వెస్ట్ నైల్ అని తెలియడానికీ పక్షులే దారి చూపాయి. అదే సమయంలో నగరంలో కాకులు, జంతుప్రదర్శనశాలలోని పక్షులు రాలిపోతున్నాయి. జన్యుక్రమం చదివితే, 1998లో ఇజ్రాయెల్‌లో ఒక బాతుజాతి పక్షి నుంచి తీసిన వైరస్‌తో దాదాపు పూర్తిగా సరిపోలింది.

మరి మనుషులూ పక్షులూ జబ్బుపడే దాకా ఆగకుండా దోమల్లోనే వెతకలేమా? వెతుకుతున్నారు. బోనుల్లో పడిన దోమలను చల్లటి పలక మీద పరిచి, జాతిని బట్టి, ఆడమగను బట్టి వేరుచేసి, ఒక్కో గొట్టంలో యాభై దాకా వేసి నూరి పరీక్షిస్తారు. ఇదంతా భూతద్దం ముందు గంటల తరబడి కూర్చుని చేసే పని. ఇంతా చేస్తే, వ్యాధి విజృంభిస్తున్న సమయంలో కూడా వందల దోమల్లో ఒకదానిలో వైరస్ ఉంటే ఉన్నట్టు. పైగా వైరస్ దొరికినంత మాత్రాన ఆ దోమ దానిని వ్యాపింపజేస్తుందని కాదు. కొద్దిసేపటి కిందట రోగిని కుట్టి తాగిన రక్తంలోనిదే కావచ్చు. వైరస్ దోమ పొట్ట దాటి లాలాజలం దాకా చేరితేనే అది ఇంకొకరికి అంటుకుంటుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. న్యూక్లిక్ ఆమ్లాలను పట్టి భద్రపరిచే ప్రత్యేకమైన కాగితపు అట్టకు తేనె పూసి బోనులో ఉంచారు. తేనె కోసం వాలిన దోమ దాని మీద ఉమ్ముతుంది. ఆ ఉమ్ములో వైరస్ ఉంటే దాని ఆర్ఎన్ఏ అట్టలో నిలిచిపోతుంది. అట్టను మంచుపెట్టె అవసరం లేకుండానే ప్రయోగశాలకు పంపవచ్చు. వేల దోమలను ఏరే శ్రమ తప్పడమే కాదు, లాలాజలంలోకి వచ్చిన వైరస్ మాత్రమే దొరుకుతుంది. అట్టపై పడే వైరస్ అతి తక్కువ కాబట్టి పూర్తి జన్యుక్రమం తీయడం కష్టమే గానీ, ఎక్కడ వెతకాలో మాత్రం తెలుస్తుంది. ఇక బోనులో పడిన దోమల జన్యువునూ చదివితే, దోమలను చంపే పైరిత్రాయిడ్ మందులకు లొంగని మార్పులు వాటిలో ఉన్నాయో లేదో తెలుసుకోవచ్చు. పనిచేయని మందును వీధివీధినా పొగపెట్టే ఖర్చు తప్పుతుంది.

ఈ పద్ధతి మీద నాకు ఎంత నమ్మకం ఉన్నా, వంశవృక్షం బొమ్మను చూసి తొందరపడి తీర్పులు ఇవ్వడం నాకు నచ్చదు. మొదటి సంగతి, ఎవరి నుంచి ఎవరికి సోకిందో ఇది చెప్పలేదు. జికాలో నెలకు సుమారు ఒక్క అక్షరం మారుతుంది. ఒక రోగి నుంచి దోమకు, దోమ నుంచి ఇంకో రోగికి వైరస్ చేరడానికి పట్టేది రెండు మూడు వారాలే. వరుసగా జబ్బుపడిన ఇద్దరి వైరస్‌లు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉండటం మామూలు. రెండోది ఇంకా ప్రమాదకరం. జన్యుక్రమాలను ఎక్కువగా చదివిన దేశమే వృక్షంలో వ్యాధికి మూలస్థానంలా కనిపిస్తుంది. నమూనాలే తీయని పొరుగు దేశం ఆ చిత్రంలో ఉండనే ఉండదు. ఫలానా చోటి నుంచి వచ్చిందని పత్రికలో శీర్షిక పెట్టే ముందు, ఏయే ప్రాంతాల నుంచి ఎన్ని నమూనాలు తీశారో చూడాలి. చూడకుండా రాసే వార్తలు నిజాయితీగా డేటా పంచుకున్న దేశాన్నే నిందిస్తాయి. అలా జరిగితే మరోసారి ఎవరు పంచుకుంటారు?

ఖర్చు విషయంలోనూ నాకొక గట్టి అభిప్రాయం ఉంది. యంత్రం కొనడానికి నిధులు తేలికగా పుడతాయి. రక్త నమూనాను తొలి ఐదు రోజుల్లో తీసి, చల్లగా ఉంచి, దాని మీద జ్వరం మొదలైన తేదీ, ఊరు, ఇటీవలి ప్రయాణం రాసి పంపే మనిషికి జీతం ఇవ్వడానికి మాత్రం పుట్టవు. తేదీ లేని జన్యుక్రమం కాలం లెక్కకు పనికిరాదు, ఊరు లేనిది వ్యాప్తి పటంలోకి ఎక్కదు. అదనంగా ఇంకో యంత్రం కొనేకంటే, ఉన్న ప్రయోగశాలకు నమూనా మూడు రోజుల్లో చేరేలా చేయడానికే ముందుగా డబ్బు పెట్టాలి.

సొంతగడ్డ మీద నమూనాలు దొరకనప్పుడు ప్రయాణికులు ఆధారమవుతారు. 2017లో అమెరికా ఖండాల్లో జికా తగ్గిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకుంటున్న వేళ, ఫ్లోరిడాలోనూ ఐరోపాలోనూ క్యూబా నుంచి తిరిగివచ్చినవారిలో అది బయటపడుతూనే ఉంది. వారి రక్తంలోని వైరస్‌లను చదివితే, అంతర్జాతీయ లెక్కల్లో కనిపించని విజృంభణ ఒకటి ఆ దీవిలో జరిగిందని, వైరస్ పొరుగు దేశాల నుంచి వేర్వేరుగా పలుమార్లు అక్కడికి చేరిందని తేలింది. ఆ ఫలితాలు ప్రచురితమైంది 2019లో, విజృంభణ ముగిసిపోయాక. డెంగీ మూడో సీరోటైపు విషయంలో వేగం మెరుగుపడింది. 2022లో క్యూబా నుంచి ఫ్లోరిడాకు వచ్చినవారిలో అది పెద్ద సంఖ్యలో కనిపించింది. అమెరికా ఖండాల్లో పాతుకుపోయిన పాత శాఖ అది కాదని, ఆసియా నుంచి కొత్తగా చేరినదని, బ్రెజిల్‌లోని రొరైమా రాష్ట్రంలోనూ అప్పటికే ఉందని 2023లోనే వెల్లడైంది. బ్రెజిల్‌లో మూడో సీరోటైపు పెద్ద ఎత్తున వ్యాపించి అప్పటికి పదిహేనేళ్లు దాటింది. అక్కడి పిల్లల్లో, యువతలో అత్యధికుల శరీరాలకు అది పూర్తిగా కొత్త వైరస్.